పసుపు పూల గాలియం: గడ్డిమైదానంలో ఈ మొక్కను గుర్తించడం ఎలా

జూలై, ఆగస్టు నెలల్లో హైదరాబాదు నుంచి బయలుదేరి పహల్గామ్, బాల్తాల్ మార్గాల్లో అమర్‌నాథ్ యాత్రకు వెళ్లేవారికీ, అదే కాలంలో బ్రిటన్‌లోనో జర్మనీలోనో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లి రెండు మూడు నెలలు గడిపి వచ్చే తల్లిదండ్రులకూ ఒకే మొక్క ఎదురయ్యే అవకాశం ఉంది. ఎండ బాగా తగిలే గడ్డిమైదానంలో, బాట పక్క గట్టు మీద, మోకాలికి అటూ ఇటూ ఎత్తులో, ఒక్కొక్కటిగా చూస్తే కంటికి ఆనని చిన్న పసుపు పూలు గుత్తులు గుత్తులుగా పూసి, దగ్గరికి వెళ్తే తేనె వాసన వేసే మొక్క అది. దాని శాస్త్రీయ నామం గాలియం వెరమ్. లిన్నేయస్ 1753లో ఆ పేరుతో దాన్ని నమోదు చేశాడు. ఇంగ్లండులో దాన్ని లేడీస్ బెడ్‌స్ట్రా అంటారు. ఎండిన మొక్కను అక్కడి పల్లెల్లో ఒకప్పుడు పరుపుల్లో కూరేవారు. ఈ వ్యాసంలో దాన్ని పసుపు గాలియం అని పిలుస్తాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. పసుపు గాలియం ఐరోపాలోనూ, ఉత్తర ఆఫ్రికాలోనూ, ఆసియాలోని సమశీతోష్ణ ప్రాంతాల్లోనూ సహజంగా పెరుగుతుంది. మన దేశంలో దాన్ని చూడాలంటే కాశ్మీరు, లాహౌల్ వంటి పశ్చిమ హిమాలయ ప్రాంతాలకు వెళ్లాలి. దక్కను పీఠభూమిలో అది పెరగదు. అందువల్ల వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లోనో, నర్సాపూర్ అడవిలోనో ఒక పసుపు పూల మొక్కను చూపించి ఇదే గాలియం అని ఎవరైనా అంటే, వారు చూస్తున్నది వేరే మొక్క అని నిశ్చయంగా చెప్పవచ్చు. అయినా ఈ పనిలో సగం హైదరాబాదులోనే చేసుకోవచ్చు. ఎందుకంటే ఈ మొక్కను గుర్తించడానికి కావలసిన చూపును, దాని కుటుంబానికే చెందిన మన పెరటి మొక్కల మీద ముందుగా అలవరచుకోవచ్చు.

మొక్కల గుర్తింపు నేర్చుకునేవారిలో ఎక్కువమంది పువ్వు రంగుతో మొదలుపెడతారు. నా అభిప్రాయంలో తప్పుడు గుర్తింపులకు అదే మూలం. పసుపు పూలు పూసే మొక్కలు ప్రపంచంలో లెక్కకు మిక్కిలి ఉన్నాయి, పైగా దూరం నుంచి చూస్తే వాటిలో చాలావరకు ఒకేలా కనిపిస్తాయి. మీరు మాత్రం కణుపుతో మొదలుపెట్టండి. కాండం మీద ఆకులు పుట్టే చోటే కణుపు. పసుపు గాలియం విషయంలో కణుపు చెప్పినంత సమాచారం పువ్వు కూడా చెప్పదు.

మొదటి మెట్టు: హైదరాబాదులోనే సాధన

పసుపు గాలియం రూబియేసి కుటుంబానికి చెందినది. కాఫీ, నూరువరహాలు, మంజిష్ఠ, తొగరు, మచిలీపట్నం కలంకారీ అద్దకానికి ఎర్రరంగునిచ్చిన చిరువేరు, ఇవన్నీ ఆ కుటుంబంలోనివే. వీటిలో నూరువరహాలు నగరంలో దొరకని చోటు లేదు. అపార్టుమెంట్ల ప్రహరీ వెంటా, పార్కుల్లో నడకదారుల అంచునా దాన్ని వరుసగా పెంచుతారు.

నూరువరహాల కొమ్మను ఒకటి దగ్గరగా చూడండి. ప్రతి కణుపు దగ్గరా రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఆ రెండు ఆకుల తొడిమల నడుమ, కాండానికి అంటిపెట్టుకుని, కొన సూదిగా ఉన్న చిన్న త్రిభుజాకారపు పొర ఒకటి కనిపిస్తుంది. దాన్ని పత్రపుచ్ఛం అంటారు. కాండానికి అటువైపూ అలాంటిదే మరొకటి ఉంటుంది. ఎదురెదురు ఆకులు, వాటి నడుమ పత్రపుచ్ఛం, ఈ రెండూ కలిసి రూబియేసి కుటుంబానికి నమ్మదగిన ఆనవాలు. ఇప్పుడు పువ్వును చూడండి. సన్నని గొట్టం చివర రేకుల్లా కనిపించే నాలుగు తమ్మెలు విచ్చుకుని ఉంటాయి. ఆ నాలుగూ అడుగున కలిసిపోయి ఒకే గొట్టంగా మారినవి కాబట్టి పువ్వును లాగితే అంతా ఒక్కటిగా ఊడివస్తుంది. తమ్మెల సందుల్లో నాలుగు కేసరాలు ఉంటాయి. అండాశయం పువ్వు కింద ఉంటుంది. వృక్షశాస్త్రంలో దీన్ని నిమ్న అండాశయం అంటారు. నాలుగు తమ్మెలు, నాలుగు కేసరాలు, పువ్వు కింద అండాశయం అన్న ఈ లెక్క మనసులో నాటుకోనివ్వండి. పసుపు గాలియంలో మీరు వెతకబోయేది దీన్నే, కాకపోతే చాలా చిన్న కొలతల్లో, గొట్టం దాదాపు లేకుండా.

చిన్న కొలతలకు కన్ను అలవాటు పడడానికి పర్పాటకం మంచి మొక్క. వానాకాలంలో పూలకుండీల్లో, పేవ్‌మెంట్ రాళ్ల సందుల్లో, పచ్చికలో తనంతట తానే మొలుస్తుంది. సన్నని ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, కొద్ది మిల్లీమీటర్ల వెడల్పున్న తెల్లని పూలకు నాలుగేసి తమ్మెలు ఉంటాయి. ఇదీ రూబియేసి మొక్కే. దీని పువ్వును భూతద్దంతో చూసి తమ్మెలనూ, కేసరాలనూ, కింద ఉండే అండాశయాన్నీ లెక్కపెట్టగలిగిన వారికి పసుపు గాలియం పువ్వు పెద్ద కష్టం కాదు.

ఇక కణుపు చుట్టూ వలయంగా ఆకులు ఉండడమంటే ఏమిటో తెలుసుకోవడానికి గన్నేరు చెట్టు చాలు. రోడ్ల మధ్య డివైడర్ల మీద పెంచే ఆ గన్నేరులో ఒక్కో కణుపు దగ్గర సాధారణంగా మూడేసి ఆకులు చుట్టూ పుడతాయి. నగరంలో వీధుల వెంట నాటిన ఏడాకుల పొన్నలో ఆ సంఖ్య ఇంకా ఎక్కువ. ఈ అమరికను చక్రీయ విన్యాసం అంటారు. అయితే ఈ రెండు చెట్లూ రూబియేసికి చెందవు. ఆకు తుంచితే పాలు కారతాయి, పత్రపుచ్ఛాలు ఆ తీరులో ఉండవు, పువ్వుకు ఐదు తమ్మెలు ఉంటాయి. ఒక్క లక్షణం కలిసినంత మాత్రాన గుర్తింపు పూర్తికాదని ఇక్కడే అలవాటు చేసుకోవాలి. ఆ పాలు విషపూరితం కనుక ఆకు తుంచినప్పుడు చేతులు కడుక్కోవాలి; పిల్లలను దూరంగా ఉంచాలి.

రెండవ మెట్టు: వెంట ఉండవలసినవి

పది రెట్లు పెంచి చూపే చిన్న మడత భూతద్దం తప్పనిసరి. నగల పనివారు, గడియారాల మరమ్మతు చేసేవారు వాడే రకం సరిపోతుంది. దాన్ని కంటికి ఆనించి పట్టుకుని, మొక్కనే కంటి దగ్గరకు తెచ్చి చూడాలి. చాలామంది భూతద్దాన్ని మొక్క మీద పెట్టి తాము దూరంగా ఉంటారు, అలా చూస్తే ఏమీ కనిపించదు. దానితోపాటు మిల్లీమీటర్ల గీతలున్న 15 సెంటీమీటర్ల స్కేలు, పెన్సిలు, నోటుపుస్తకం, ఫోన్ ఉంటే చాలు.

మూడవ మెట్టు: చోటునూ కాలాన్నీ చూడడం

పసుపు గాలియం ఎండనూ, పొడి నేలనూ ఇష్టపడుతుంది. బ్రిటన్‌లో సున్నపురాతి నేలల మీది పచ్చికలు, సముద్రతీరపు ఇసుకతిన్నెలు, రోడ్ల పక్క గట్లు దాని నివాసాలు. కాశ్మీరులో ఎండ తగిలే గడ్డివాలుల మీద, పొలాల అంచుల్లో చూడాలి. దట్టమైన నీడలోనో, నిత్యం నీరు నిలిచే చిత్తడిలోనో పసుపు పూల మొక్క కనిపిస్తే మొదటే సందేహించండి. బ్రిటన్‌లో ఇది జూన్ చివర పూత మొదలుపెట్టి సెప్టెంబరు దాకా పూస్తుంది, జూలై, ఆగస్టులు నిండు పూత కాలం. ఏప్రిల్, మే నెలల్లో పసుపు పూలు విరగబూసిన గాలియం వంటి మొక్క కనిపిస్తే అది దాని బంధువు క్రాస్‌వర్ట్ అయి ఉంటుందని అనుమానించాలి. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

ఇది బహువార్షికం. నేలలో పాకే కొమ్ముల నుంచి ప్రతి ఏటా కొత్త కాండాలు వస్తాయి. అందువల్ల ఒంటరిగా నిలబడిన ఒక్క మొక్కగా కాక, చాప పరిచినంత మేర గుంపుగా కనిపించడం సహజం. పశువులు మేసే చోట, తరచుగా గడ్డి కోసే చోట బెత్తెడు ఎత్తుకు మించకపోవచ్చు. పొడవైన గడ్డి మధ్య ఆసరా దొరికితే మీటరు దాకా పెరుగుతుంది. ఎత్తును బట్టి నిర్ణయానికి రావద్దని చెప్పడానికే ఈ మాట.

నాలుగవ మెట్టు: కణుపును చదవడం

ఇది ప్రధానమైన మెట్టు, ఇక్కడ తొందర పనికిరాదు. పూసిన కాండం ఒకదాన్ని ఎంచుకుని, కోయకుండా, నేల నుంచి మూడో వంతు ఎత్తులో ఉన్న కణుపును వేళ్ల మధ్య పట్టుకోండి. పై భాగంలో, పూలగుత్తి దగ్గరి కణుపుల్లో ఆకులు తక్కువగానూ చిన్నవిగానూ ఉంటాయి కనుక లెక్కకు అవి పనికిరావు.

కాండాన్ని కొద్దిగా వంచి, కణుపును పై నుంచి చూడండి. సన్నని ఆకులు కాండం చుట్టూ, విప్పిన గొడుగు ఊచల మాదిరిగా, అన్ని వైపులకూ సమానంగా పరుచుకుని ఉంటాయి. ఒక ఆకు దగ్గర వేలు ఉంచి, అక్కడి నుంచి చుట్టూ లెక్కపెట్టండి. పసుపు గాలియంలో సాధారణంగా 8 నుంచి 12 వరకు వస్తాయి. ఒక్క కణుపుతో ఆగకుండా వేర్వేరు కాండాల మీద నాలుగైదు కణుపులు లెక్కపెట్టి రాసుకోండి. నాలుగే ఆకులు వస్తున్నాయంటే, అదీ ప్రతి కణుపు దగ్గరా అలాగే వస్తున్నదంటే, మీరు చూస్తున్నది ఈ మొక్క కాదు.

ఈ వలయం వెనుక ఒక అందమైన విషయం ఉంది. అక్కడ కనిపించే పది పన్నెండు ఆకుల్లో నిజమైన ఆకులు రెండే. మిగిలినవన్నీ ఆకుల రూపం దాల్చిన పత్రపుచ్ఛాలు. నూరువరహాల కొమ్మ మీద రెండు ఆకుల మధ్య మీరు చూసిన ఆ చిన్న పొరే ఈ మొక్కల్లో ఆకులంత పెరిగి, ఆకుల పని చేస్తున్నది. రెండింటినీ వేరుచేసి చూడాలంటే వలయంలో ఆకుల మొదళ్లను భూతద్దంతో పరిశీలించండి. పక్క కొమ్మలు పుట్టేది ఎదురెదురుగా ఉన్న ఆ రెండు ఆకుల గ్రీవాల నుంచి, అంటే ఆకు కాండాన్ని కలిసే మూలల నుంచి మాత్రమే, మిగతావాటి దగ్గర మొగ్గలు ఉండవు. ఈ ఒక్క పరిశీలన చేసినవారికి బంజారాహిల్స్‌లోని ప్రహరీ మొక్కకూ, సోనమర్గ్ గడ్డిలోని పూలమొక్కకూ మధ్య ఉన్న చుట్టరికం కళ్లముందు రుజువవుతుంది. మొక్కల కుటుంబాలను నేర్చుకోవడంలో ఇంతకంటే తృప్తినిచ్చే ఘట్టం నాకు మరొకటి తెలియదు.

కణుపు తరువాత ఆకును విడిగా చూడండి. పొడవు సుమారు 1 నుంచి 3 సెంటీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్లకు లోపే. తొడిమ ఉండదు. పైభాగం ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతుంది. అడుగుభాగం లేతరంగులో, సన్నని నూగుతో ఉంటుంది. ఆకు అంచులు రెండూ కిందికి చుట్టుకుని ఉండడం వల్ల ఆకు ఉన్నదానికన్నా మరింత సన్నగా, సూదిలా అనిపిస్తుంది. కొనలో చిన్న మొన ఉంటుంది, ఈనె మధ్యలో ఒక్కటే. ఈ ఒంటి ఈనె చిన్న విషయంలా కనిపించినా, క్రాస్‌వర్ట్‌ను వేరుచేసేటప్పుడు చాలా ఉపయోగపడుతుంది.

కాండాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా తిప్పితే నాలుగు సన్నని గీతలు ఉబ్బెత్తుగా తగులుతాయి. తులసి కొమ్మ నలుపలకలుగా ఉంటుందని మనకు తెలుసు. ఇక్కడ పలకలు అంత స్పష్టంగా ఉండవు, గుండ్రని కాండం మీద నాలుగు గీతలు గీసినట్టు ఉంటుంది. తరువాత వేలిని కాండం మీద కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ నడపండి. ఎటు నడిపినా ముళ్లు గుచ్చుకోవు, చర్మానికీ బట్టలకూ పట్టుకోదు. పట్టుకుంటే అది క్లీవర్స్ అనే గాలియం అపరైన్. దాని కాండం మీదా ఆకుల అంచుల మీదా వెనుకకు వంగిన కొక్కేల వంటి ముళ్లు ఉంటాయి, పూలు తెల్లనివి.

ఐదవ మెట్టు: పువ్వు

ఇప్పుడు మాత్రమే పువ్వు దగ్గరికి రండి. కాండం చివర పిరమిడ్ ఆకారంలో చీలికలు చీలికలుగా పూలగుత్తి ఉంటుంది, ఒక్క గుత్తిలో పూలు వందలకు చేరవచ్చు. ఒక్కో పువ్వు వెడల్పు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. స్కేలు పక్కన పెట్టి కొలిచి చూడండి, ఎందుకంటే ఇంత చిన్న పూలను కన్ను ఎప్పుడూ పెద్దవిగానే అంచనా వేస్తుంది.

భూతద్దంలో నాలుగు మొనదేలిన తమ్మెలు ప్లస్ గుర్తులా విచ్చుకుని, నిండు బంగారు పసుపులో కనిపించాలి. నాలుగు కేసరాలు తమ్మెల సందుల్లో నిలబడి ఉంటాయి. మధ్యలో కీలాలు, అంటే అండాశయం నుంచి పైకి లేచే సన్నని కాడలు రెండు, వాటి చివర్లు చిన్న గుండుసూది తలల్లా ఉంటాయి. పువ్వు కింద రెండు గుండ్రని భాగాలు అతుక్కున్నట్టుండే అండాశయం ఉంటుంది. పువ్వుల్లో మామూలుగా కనిపించే ఆకుపచ్చని రక్షక పత్రాలు ఇక్కడ దాదాపు లేనట్టే. నూరువరహాల మీద చేసిన సాధన ఇప్పుడు పూర్తిగా ఉపయోగానికి వస్తుంది.

వాసన కూడా చూడండి. తాజా పూలకు తేనె వాసన వస్తుంది, ఎండ ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం అది మరింత స్పష్టం. మొక్క ఎండినకొద్దీ కూమరిన్ అనే పదార్థం వల్ల కొత్తగా కోసి ఆరబెట్టిన గడ్డి వాసన వేస్తుంది. పరుపుల్లో కూరడానికి ఈ మొక్కను ఎంచుకోవడంలో ఆ సువాసనకూ పాత్ర ఉంది. అయితే వాసనను బలపరిచే ఆధారంగా మాత్రమే తీసుకోండి. ఒక్కొక్కరి ముక్కు ఒక్కోలా పనిచేస్తుంది, పైగా కూమరిన్ వాసన వేసే పసుపు పూల మొక్కలు వేరేవి కూడా ఉన్నాయి.

పూత దాటాక వెళితే కాయను చూడవచ్చు. రెండు గింజలు జంటగా అతుక్కున్నట్టున్న చిన్న కాయ, సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు, నున్నగా ఉండి పండినప్పుడు నల్లబడుతుంది. దాని మీద కొక్కేలు గాని వెంట్రుకలు గాని ఉండవు. బట్టలకు అంటుకునే కాయలైతే మళ్లీ క్లీవర్స్ వైపే చూడాలి.

ఆరవ మెట్టు: పొరపడే మొక్కలను ఒక్కొక్కటిగా తొలగించడం

ఆవమొక్క, దాని దగ్గరి అడవి జాతులు. నాలుగు పసుపు రేకులు చూడగానే మనవారికి మొదట గుర్తొచ్చేది ఆవపువ్వే. కాని ఆవపువ్వులో నాలుగు రేకులూ విడివిడిగా ఊడతాయి, కేసరాలు ఆరు, వాటిలో రెండు పొట్టివి. అండాశయం పువ్వు లోపల, రేకులకన్నా పైన ఉంటుంది; అదే పెరిగి పొడవైన కాయ అవుతుంది. ఆకులు కాండం మీద ఒకదాని తరువాత ఒకటిగా పుడతాయి గాని వలయంగా పుట్టవు. హైదరాబాదు పరిసరాల్లో వానాకాలంలో బంజరు నేలల నిండా మొలిచే కుక్కవామింటకు కూడా నాలుగు విడి పసుపు రేకులు ఉంటాయి. దాని ఆకు మూడు నుంచి ఐదు చిన్న ఆకులుగా చీలి ఉంటుంది, మొక్క అంతా జిగురుగా ఉంటుంది, కాయ సన్నగా పొడవుగా పైకి నిలుస్తుంది. ఈ రెండింటినీ ఇక్కడే పరిశీలించి వెళితే అక్కడ తడబాటు ఉండదు.

క్రాస్‌వర్ట్. పసుపు గాలియంతో నిజంగా పోటీపడేది ఐరోపాలో ఇదే, ఎందుకంటే ఇదీ రూబియేసి కుటుంబమే, పూలు ఇవీ నాలుగు తమ్మెల పసుపు పూలే. దీని శాస్త్రీయ నామం క్రుసియాటా లెవిపెస్. కణుపు దగ్గర ఆకులు నాలుగే, అవీ వెడల్పుగా, నూగుతో, ఒక్కో ఆకుకు మూడు ఈనెలతో ఉంటాయి. పూలు కాండం కొసన కాక ప్రతి వలయంలోనూ ఆకుల మొదట్లో చిన్న గుంపులుగా పూస్తాయి. పూత వసంతంలో మొదలై జూన్‌కల్లా ముగుస్తుంది. ఆకుల సంఖ్య, ఈనెల సంఖ్య, పూలుండే చోటు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి చూసినా సందేహం తీరిపోతుంది.

సెయింట్ జాన్స్ వర్ట్ అనే హైపెరికమ్ ఐరోపాలోనూ కాశ్మీరులోనూ ఒకేలా కనిపిస్తుంది. దూరం నుంచి పసుపు గుత్తులు మోసపుచ్చవచ్చు, దగ్గరికి వెళ్తే ఐదు రేకులు, గుబురుగా ఎన్నో కేసరాలు, ఎదురెదురుగా రెండేసి ఆకులు ఉంటాయి. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూదితో పొడిచినట్టు వెలుగు చుక్కలు కనిపిస్తాయి.

పసుపు మెలిలోటస్ కాశ్మీరు, లడాఖ్ దారుల్లో విరివిగా పెరుగుతుంది. ఎండితే ఇది కూడా కూమరిన్ వాసనే వేస్తుంది. అయితే ఆకు మెంతి ఆకు మాదిరిగా మూడు భాగాలుగా ఉంటుంది, పువ్వు చిక్కుడు జాతి పువ్వు. వాసన ఒక్కదాన్నే నమ్మకూడదని పైన చెప్పింది దీన్ని దృష్టిలో ఉంచుకునే.

సైప్రెస్ స్పర్జ్ అనే యుఫోర్బియా విషయంలో జాగ్రత్త అవసరం. దాని ఆకులు గాలియం ఆకుల్లాగే సన్నగా దట్టంగా ఉంటాయి, కొసన లేత పసుపు గుత్తులు వస్తాయి. ఆకు తుంచితే తెల్లని పాలు కారతాయి. అవి చర్మానికి మంట పుట్టిస్తాయి, కంట్లో పడితే హాని చేస్తాయి. మన జిల్లేడు పాలతో ఎంత జాగ్రత్తగా ఉంటామో ఇక్కడా అంతే జాగ్రత్తగా ఉండాలి. పసుపు గాలియంలో పాలు ఉండవు.

ఇక మంజిష్ఠ గురించి ఒక మాట. హిమాలయ వాలుల మీద పొదల్లో పాకే ఈ తీగ గాలియానికి చాలా దగ్గరి బంధువు. కణుపుకు సాధారణంగా నాలుగు ఆకులు, వాటికి పొడవైన తొడిమలు, ఆకు హృదయాకారం, తీగంతా గరుకు ముళ్లు. కనుక పొరపాటు పడడానికి తావు తక్కువ. కాని ఈ బంధుత్వానికి వేర్లలో మరో సాక్ష్యం ఉంది. మంజిష్ఠ వేర్లలాగే, చిరువేరులాగే, పసుపు గాలియం వేర్ల నుంచి కూడా ఎర్రరంగు తీస్తారు. పూలు పసుపు, వేరు ఎరుపు. స్కాట్లండు పశ్చిమ దీవుల్లో నేతగాళ్లు ఉన్నికి ఎర్రరంగు వేయడానికి ఈ వేర్లను తవ్వేవారు. ఆ తవ్వకం వల్ల తీరంలోని ఇసుక నేల కోసుకుపోతుందని దాన్ని కట్టడి చేశారు. గోల్కొండ కాలం నుంచి అద్దకపు బట్టల ఎరుపును ఎరిగిన మన ప్రాంతానికి, ఎక్కడో అట్లాంటిక్ సముద్రపు గట్టున అదే కుటుంబపు వేరును అదే పనికి వాడారని తెలియడం ఆసక్తి కలిగించే విషయం. అంతమాత్రాన గుర్తింపు కోసం వేరును తవ్వి చూడవలసిన అవసరం ఎప్పుడూ లేదు, తవ్వవద్దు కూడా.

ఏడవ మెట్టు: ఫొటోలు, నమోదు, నియమాలు

ఒక్క పూలగుత్తి ఫొటోతో ఎవరూ మీకు నమ్మకంగా పేరు చెప్పలేరు. మొక్క ఉన్న పరిసరం మొత్తం కనిపించేలా ఒకటి, మొక్క పూర్తి ఎత్తు కనిపించేలా ఒకటి, కణుపును పై నుంచి చూపేలా ఒకటి, ఆకు అడుగుభాగాన్ని స్కేలుతో కలిపి ఒకటి, పువ్వును వీలైనంత దగ్గరగా ఒకటి తీయండి. సన్నని ఆకుల మీద ఫోన్ కెమెరా దృష్టి నిలవదు. వెనుక అరచేయి అడ్డం పెడితే లేదా నోటుపుస్తకం అట్ట పెడితే నిలుస్తుంది. కణుపు ఫొటో తీయడం మరిచిపోతే మిగతా నాలుగూ ఉన్నా ఉపయోగం సగానికి పడిపోతుంది.

ఐనాచురలిస్ట్ వంటి యాప్‌లు పేరు సూచిస్తాయి. ఆ సూచనను పరీక్షించవలసిన ప్రతిపాదనగా తీసుకుని, పైన చెప్పిన లెక్కలన్నీ సరిపోతున్నాయో లేదో మీరే సరిచూడండి. యాప్ చూసేది ఫొటోను మాత్రమే. ఆకుల సంఖ్యను లెక్కపెట్టినది, కాండాన్ని వేళ్లతో తడిమినది మీరు.

కోయడం గురించి స్పష్టంగా ఉండాలి. అభయారణ్యాల్లో, జాతీయ ఉద్యానవనాల్లో మొక్కలను తెంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది. కాశ్మీరు లోయల్లోని రక్షిత ప్రాంతాలకైనా, మన కేబీఆర్ పార్కుకైనా వర్తించేది ఒకే చట్టం. విదేశాల నుంచి మొక్కను గాని, గింజలను గాని, వేరుకు అంటిన మట్టిని గాని సూట్‌కేసులో పెట్టుకుని తేవద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం వాటి దిగుమతికి ముందస్తు అనుమతి, పరీక్షలు ఉంటాయి. ఆ నియమం వెనుక ఉన్న భయం న్యాయమైనదే. వయ్యారిభామ అని మనం పిలిచే పార్థీనియం బయటి నుంచి వచ్చి మన బీళ్లను ఎలా ఆక్రమించిందో హైదరాబాదు చుట్టుపక్కల ఏ ఖాళీ స్థలాన్ని చూసినా తెలుస్తుంది.

తినడం, కషాయం కాయడం వద్దు. ఐరోపాలో ఈ మొక్కను పాలు విరగ్గొట్టడానికీ, చీజ్‌కు రంగు పట్టించడానికీ వాడిన మాట నిజమే, కాని అది తరతరాలుగా ఆ మొక్కను ఎరిగినవారు చేసిన పని. కొత్తగా గుర్తించడం నేర్చుకుంటున్నవారు చేయవలసింది కాదు.

అన్నీ చూశాక కూడా ఒక సందేహం మిగలవచ్చు. ఆకుల వలయం సరిపోయింది, పూలగుత్తి సరిపోయింది, కాని పూలు నిండు పసుపులో కాక వెన్నరంగులో ఉన్నాయి, ఆకులు కొంచెం వెడల్పుగా ఉన్నాయి. అలాంటప్పుడు చుట్టుపక్కల తెల్లపూల గాలియం ఉందేమో వెతకండి. ఐరోపాలో తెల్లపూల హెడ్జ్ బెడ్‌స్ట్రా, పసుపు గాలియం పక్కపక్కన పెరిగే చోట రెండింటి సంకరం పుట్టడం సాధారణం. దాన్ని గాలియం పొమెరానికమ్ అంటారు, దాని పూలు లేత పసుపు. తల్లి మొక్కలు రెండూ దగ్గరలో కనిపిస్తే ఆ పేరే రాయండి. కనిపించకపోతే గాలియం అని మాత్రం రాసి, తేదీ, స్థలం, ఎత్తు, కణుపుకు ఎన్ని ఆకులు, పువ్వు వెడల్పు, రంగు, నేల తీరు నమోదు చేసి, జాతి పేరు రాయవలసిన చోట ఖాళీ వదలండి. తరువాత చూసే నిపుణులు ఆ కొలతల ఆధారంగా ఆ ఖాళీని పూరించగలుగుతారు. ఊహించి రాసిన పేరు ఉంటే ముందు దాన్ని కొట్టివేయవలసి వస్తుంది.